చాటింగే కదా అని చెరిపేయొద్దు!

అమెరికా ఆఫీసుల్లో పనిచేసే మనకి పొద్దున లేస్తే స్లాక్, టీమ్స్ తోనే పని. మేనేజరుతో నాలుగు ముక్కలు, హైదరాబాద్ టీముతో ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు, మధ్యలో ఓ బొటనవేలి బొమ్మ. ఎవరు చూస్తారులే అనుకుంటాం. కంపెనీ కోర్టుకెక్కితే మాత్రం అవన్నీ సాక్ష్యాలే.

దావా పడినా, పడే సూచనలు కనిపించినా లీగల్ విభాగం నుంచి 'లిటిగేషన్ హోల్డ్' మెయిల్ వస్తుంది. ఫలానా విషయానికి సంబంధించినవేవీ చెరపొద్దని దాని సారాంశం. లాయర్లు చూసుకుంటారులే అని వదిలేయకండి, అది మనకీ వర్తిస్తుంది. 2006లోనే ఫెడరల్ కోర్టుల సివిల్ నిబంధనల్లో ఎలక్ట్రానిక్ సమాచారాన్ని స్పష్టంగా చేర్చారు. ఎదుటివారికి అందకూడదని కావాలనే చెరిపేసినట్టు తేలితే, అందులో చెరిపినవారికి వ్యతిరేకమైన సంగతులే ఉన్నాయని జ్యూరీ భావించవచ్చని 2015 సవరణ చెబుతోంది.

గూగుల్ సంగతే చూడండి. ఎపిక్ గేమ్స్ వేసిన కేసులో 2023 మార్చిలో జడ్జి జేమ్స్ డొనాటో ఆ కంపెనీని తప్పుపట్టారు. హిస్టరీ ఆపేసిన చాట్లు 24 గంటల్లో మాయమయ్యేవి. ఏది దాచాలన్నది ఉద్యోగుల ఇష్టానికే వదిలేశారు. డిసెంబరులో జ్యూరీ ఎపిక్ పక్షానే నిలిచింది.

చాట్‌ను ముక్కలుగా చూస్తే అర్థం మారిపోతుంది. "సరే, కానిచ్చెయ్" అన్నది ఏ ప్రశ్నకి జవాబో తెలియాలి. అందుకే చాలాచోట్ల ఒక రోజు సంభాషణను ఒకే పత్రంగా కూర్చి, టైము, దిద్దుబాట్లు, పంపిన ఫైళ్లతో సహా చూస్తారు. తెలుగులో ఉంటే అనువాదం చేయిస్తారు.

అసలు చిక్కు ఎక్కడంటే, వీసా కంపెనీ చేతిలో ఉన్నప్పుడు మేనేజరు "అది తీసేయ్" అంటే కాదనడం కష్టం. అయినా తీయొద్దు. "హోల్డ్ ఉంది కదా, లీగల్ వాళ్లని అడుగుతా" అని మర్యాదగానే రాయండి. ఫెడరల్ దర్యాప్తును అడ్డుకోవడానికి రికార్డులు చెరిపితే 20 ఏళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చని 2002 సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం చెబుతోంది. సొంత ఫోన్లో వాట్సాప్‌కి మారినా ఆఫీసు మాటలు ఆఫీసు మాటలే. హోల్డ్ ఉంటే ఆటో డిలీట్ ఆపించండి. కంపెనీ లాయరు కంపెనీకే లాయరు, మనకి కాదు. భయమనిపిస్తే సొంత లాయర్ని కలవండి.

రేపు జీతం దగ్గరో, ఓవర్‌టైం దగ్గరో మనకే తగాదా వస్తే మన పక్షాన మాట్లాడేదీ ఆ చాటే.