స్టడ్ పోకర్: ఎదుటివాళ్ల ముక్కలు చూడకుండా పందెం కాస్తే అంతే సంగతులు!

మూడు ముక్కలాటలో మూడూ ఒకే గుర్తువి పడితే ఏం చేస్తారు? పందెం పెంచుకుంటూ పోతారు. అదే అలవాటుతో అమెరికా క్యాసినోలో సెవెన్ కార్డ్ స్టడ్ టేబుల్ దగ్గర కూర్చుంటే మాత్రం జేబుకి చిల్లే. అక్కడ మూడు ముక్కలు పడ్డాయంటే ఆట అప్పుడే మొదలైనట్టు లెక్క.

ఇప్పుడు పోకర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది టెక్సాస్ హోల్డెమ్. అందులో మధ్యలో వేసే ఐదు ముక్కలు అందరివీ. స్టడ్‌లో అలా కాదు, ఎవరి ఏడు ముక్కలు వాళ్లవే. మొదట రెండు మూసి, ఒకటి తెరిచి ఇస్తారు. ఆ తర్వాత మూడు ఒక్కొక్కటిగా తెరిచి వేస్తారు. చివరిది మళ్లీ మూసి ఇస్తారు. ఏడింటిలో మంచి ఐదు ఏరుకోవాలి. (ఎనిమిది మందికి ఏడేసి అంటే 56 కదా, పేకలో ఉన్నవి 52 కదా అనే డౌట్ రావచ్చు. అందరూ చివరిదాకా ఉండరు. ఒకవేళ ఉన్నా, ఆఖరి ముక్క ఒక్కటే మధ్యలో వేసి అందరికీ లెక్కేస్తారు.)

అంటే చివరిదాకా ఉన్న ప్రతి ఒక్కరివీ నాలుగు ముక్కలు కళ్లెదుటే ఉంటాయి. అసలు ఆట అక్కడే ఉంది.

ఎలాగంటే.. మొదటి మూడూ ఆటీన్లే వచ్చాయనుకుందాం. ఫ్లష్ అవ్వాలంటే రాబోయే నాలుగింటిలో ఇంకో రెండు ఆటీన్లు పడాలి. ఎనిమిది మంది ఉన్న టేబుల్ మీద ఎదుటివాళ్లవి ఏడు ముక్కలు కనిపిస్తుంటాయి. వాటిలో ఒక్క ఆటీన్ కూడా లేకపోతే ఫ్లష్ పడే ఛాన్స్ దాదాపు 24 శాతం. నాలుగు ఆటీన్లు కనిపిస్తే? దాదాపు 9 శాతమే! చేతిలో ఉన్నవి అవే మూడు ముక్కలు. మొదటి సందర్భంలో ఆడొచ్చు, రెండోదాంట్లో మారు మాట్లాడకుండా పడేయాలి.

ఇందులో ఒక చిక్కుంది. ఎవరైనా తప్పుకుంటే వాళ్ల ముక్కలు టేబుల్ మీద నుంచి తీసేస్తారు. అందుకే అవి మాయమయ్యేలోపే గుర్తుపెట్టుకోవాలి. రమ్మీలో పడేసిన ముక్కల్ని లెక్కపెట్టేవాళ్లకి ఇదేం కొత్త కాదు.

జతల సంగతీ అంతే. చేతిలో పదుల జత ఉంది, ఎదుటివాడి ముందు రాజు తెరిచి ఉంది, వాడు పందెం పెంచాడు. ఇంకెవరి ముందో మరో పది కనిపిస్తోంది. ఇక పేకలో మిగిలిన పది ఒక్కటే. దాని కోసం డబ్బులు పెట్టడం దండగ. ఇక మొదటి మూడూ ఒకేలా, అంటే ట్రయల్ పడటం సగటున 425 సార్లలో ఒక్కసారే. దాని మీద ఆశలు పెట్టుకోలేం.

సరే, ఎప్పుడు తప్పుకోవాలి? వీలైతే మూడో ముక్క దగ్గరే. తప్పితే ఐదో ముక్క దగ్గర. ఎందుకంటే లిమిట్ గేమ్‌లో అక్కడి నుంచి పందెం డబుల్ అవుతుంది. 2-4 డాలర్ల టేబుల్ చూద్దాం. ఎవరూ పెంచకపోయినా మూడు, నాలుగు ముక్కలకి కలిపి 4 డాలర్లు. ఐదు నుంచి ఏడు వరకు 12 డాలర్లు! కొత్తవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ 12 దగ్గరే. 'ఇంతదాకా వచ్చాం కదా' అని కూర్చుండిపోతారు.

ఎదుటివాడికి మొదట తెరిచిన ముక్కకే జత పడితే ఇంకా డేంజర్. మూసి ఉన్న రెండింటిలో అదే ముక్క మరొకటి ఉండి ఉండొచ్చు. ఒక్క జత పట్టుకుని వాడితో పోటీ పడకపోవడమే బెటర్.

ఇదంతా అక్కడి టేబుళ్ల సంగతి. ఇక్కడ ఫోన్‌లో డబ్బులు పెట్టి ఆడదామంటే కుదరదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి దీన్ని నిషేధించాయి. 2025లో పార్లమెంట్ చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా కూడా లేదు. అలాంటి యాప్ నడిపేవాళ్లకి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడొచ్చు.