కార్డు మీది కందిరీగ ఏ జాతిది?

పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచి చూడండి. ఒకచోట ఎరువులు, పురుగుమందుల కంపెనీల ఆఫీసులు, మరోచోట కంప్యూటర్ కోర్సుల బోర్డులు. ఆ కోర్సుల కోసం ఇరుకు గదుల్లో సర్దుకుంటున్న పిల్లల్లో పత్తి రైతుల బిడ్డలు ఎందరో! 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిని, అప్పులపాలై, పురుగు కోసం కొన్న మందే తాగి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అందుకే మందు డబ్బా లేకుండా పురుగును ఆపే దారి ఏది కనబడినా మేము దాని గురించి రాస్తూనే ఉంటాం.

ట్రైకోగ్రామా అలాంటిదే. అర మిల్లీమీటరు కందిరీగ. పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. లోపలి పిల్ల ఆ గుడ్డునే తిని పెరుగుతుంది, పురుగు పుట్టనే పుట్టదు. కార్సిరా అనే ధాన్యపు పురుగు గుడ్లను కార్డుకు అంటించి, వాటిమీద ఈ కందిరీగలను పెంచి రైతుకిస్తారు. ఒక్కో కార్డు మీద సుమారు 20,000 గుడ్లు. వరి కాండం తొలిచే పురుగుకు జపానికం జాతి, చెరకు పీక పురుగుకు ఖిలోనిస్ జాతి. ఇది మారితే రైతు డబ్బు గాలికి పోయినట్టే.

మరి ఏది ఏదో ఎట్లా తెలిసేది? కంటికి అన్నీ ఒక్కటే. మగ కందిరీగ జననాంగాన్ని సూక్ష్మదర్శినిలో చూసి జాతిని తేల్చవచ్చని సుధా నాగర్కట్టి, హెచ్. నాగరాజ 1968లో చూపించారు. మన దేశపు శాస్త్రజ్ఞుల గొప్ప పని అది. కానీ వోల్బేకియా అనే సూక్ష్మజీవి సోకిన కొన్ని ట్రైకోగ్రామాల్లో ఆడవే ఆడవాటిని కంటూ పోతాయి. మగది లేనప్పుడు చూసేదేముంది?

అక్కడే డీఎన్ఏ గుర్తులు అక్కరకొస్తాయి. గొల్లవాడు చెవి కోత చూసి తన గొర్రెను పట్టుకున్నట్టే ఇదీనూ. జన్యు పదార్థంలో ఒక ముక్క పొడవు జాతిని బట్టి మారుతుంది. ఇంకొన్ని చోట్ల రెండు మూడు అక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి, ఒకదానికి పదిసార్లు, మరొకదానికి పద్నాలుగు. ముగ్గు చుక్కల్లా లెక్కపెట్టొచ్చు. కందిరీగ చిన్నదైనా, కరోనా కాలంలో అందరి నోటా నానిన పీసీఆర్ పద్ధతితో ఆ ముక్కను లక్షల నకళ్లు తీస్తారు. హైదరాబాదుకు ఈ విద్య కొత్త కాదు. కట్లపాము జాతి డీఎన్ఏలో ఇలాంటి పునరావృతాలనే పట్టుకుని, సీసీఎంబీలో లాల్జీ సింగ్ 1980ల చివర్లో మనుషుల డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని తయారు చేశారు.

ఈ గుర్తులుంటే చేనులో దొరికిన కందిరీగ మనం వదిలిందా, పొలంలో ముందే ఉన్నదా తేలుతుంది. తరాల తరబడి ఒకే గదిలో పెంచితే మంద వైవిధ్యం తగ్గిందా, వేరే జాతి కలిసిందా కూడా తెలుస్తుంది. ఇట్లాంటి పరీక్ష ఖర్చు రైతు నెత్తిన వేయకూడదు. ప్రభుత్వ ప్రయోగశాలలే చేసి, జాతి పేరూ తేదీ కార్డు మీద అచ్చేయాలని మేమంటున్నాం.

ఈలోగా రైతు చేయగలిగింది ఒకటుంది. కందిరీగ పట్టిన గుడ్లు నల్లబడతాయి. కార్డు మూల కత్తిరించి గాజు సీసాలో వేసి, దూది బిరడా పెట్టి, నీడన ఉంచండి. చాలా రోజులైనా సన్నటి చుక్కలు కదలకపోతే కార్డు చచ్చినదే, వెనక్కి ఇచ్చేయండి. కదిలితే ప్రాణముందని అర్థం. ఏ జాతిదో మాత్రం సీసా చెప్పదు.