పాతబస్తీలో నిశ్శబ్దపు గది

ఒకప్పుడు గొంతును నమ్ముకొని బ్రతుకదలచినవాడు రేడియో స్టేషను గడప తొక్కవలసి వచ్చేది. నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసిపోయినది. అటువంటి చోట్ల చదివే కళాకారుడు వేరు, ధ్వనిని చక్కదిద్దే ఇంజనీరు వేరు. నేడు ఆ ఇద్దరి పనీ ఒక్కని నెత్తిన పడినది. ప్రకటనకైనా, శ్రవ్యగ్రంథానికైనా ఇంట్లోనే చదివి, ఇంట్లోనే సవరించి, ఫైలు పంపవచ్చును. దానిని పరీక్షించేవారికి మనిషి కనబడడు. గది మాత్రం వినబడుతుంది.

ఆ ఇల్లు పాతబస్తీలో ఉన్నదనుకొందాం. 1591 నాటి చార్మినారు చుట్టూ ఆటోల హారన్లు, లాడ్‌బజారులో గాజుల బేరాలు, ఐదు పూటల ఆజాన్, ఇంటిలో పంకా రొద. మన చెవి వీటిని ఏనాడో మరచిపోయినది, మైకు మరువదు. కాబట్టి అర్ధరాత్రి దాటిన పిమ్మట, తెల్లవారుజాము నమాజుకు ముందు దొరికే కాలమే ఇక్కడి స్టూడియో. రంజాన్ నెలలో ఆ కాలమూ కరవే. వీధి రాత్రంతా మేలుకొని ఉంటుంది.

సవరణ కంటె ముందుజాగ్రత్త మేలు. సున్నపు గోడల ప్రతిధ్వనిని ఏ యంత్రమూ పూర్తిగా తీసివేయలేదు. నాలుగు బొంతలు వ్రేలాడగట్టి, పంకా ఆపి, మైకుకు జానెడు దూరంలో కూర్చోవడం మంచిది. చదవడానికి ముందు కొన్ని సెకన్లు ఊరకుండి ఆ గది మౌనాన్ని కూడా ముద్రించుకోవాలి. తరువాత కోత పడినచోట అతుకు వేయడానికి అదే గుడ్డ పనికివస్తుంది.

పిమ్మట కూర్పు. 2000లో వెలువడిన ఆడాసిటీ ఉచితంగానే లభిస్తున్నది. ముందు తడబాట్లను తీసి, 80 హెర్ట్జ్‌కు దిగువనున్న గురగురను, అందులోనే ఉండే 50 హెర్ట్జ్ విద్యుత్ రొదను తగ్గించి, చివరకు స్థాయి సరిచూడాలి. ఆడిబుల్ వారి ఏసీఎక్స్ నియమం ప్రకారం సగటు స్థాయి మైనస్ 23, మైనస్ 18 డెసిబెల్ల నడుమ ఉండవలెను. శిఖరం మైనస్ 3 దాటరాదు. గది రొద మైనస్ 60కి లోబడి ఉండవలెను. మెల్లగా చదివి తరువాత స్థాయి పెంచితే గొంతుతోపాటు రొద కూడా అంతే పెరుగుతుంది. చాలా ఫైళ్ళు ఓడిపోయేది ఇక్కడనే.

అయితే రొదకు భయపడి అతిగా తుడిచేవారికి మరొక ప్రమాదం ఉన్నది. మన తెలుగు అజంత భాష. మాట అచ్చుతో ముగుస్తుంది. వాక్యాంతంలో గొంతు దిగినప్పుడు ఆ చివరి ఉకారం, ఇకారం ఊపిరివలె సన్నగా పలుకుతుంది. సన్నని ధ్వనినెల్ల రొదగా ఎంచే యంత్రం దానిని కత్తిరించివేస్తుంది. శ, ష, స లలోని గాలి కూడా రొదను పోలినదే. తుడుపు మితిమీరితే వాటి భేదం చెరిగిపోతుంది. లెక్కలన్నీ సరిపోయిన ఆ ఫైలులో మాటలు తోకలు తెగి, నీటిలోనుండి పలికినట్లుంటాయి. ఊపిరి శబ్దం కూడా అంతే. తగ్గించవచ్చును గాని, మొత్తం తీసివేస్తే వినేవానికి ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది.

కనుక అంకెలు చూచిన తరువాత, కండ్లు మూసుకొని ఒకసారి వినవలెను. వాక్యం చివరి అచ్చు దక్కినదా? దక్కిన యెడల ఆ వెనుక లీలగా వినబడే వీధిని కొంత మన్నించవచ్చును. దక్కని యెడల ఎంతటి నిశ్శబ్దమైనా నిష్ప్రయోజనమే.