పిస్తోలు మీద ఓటు

తుపాకి అంటే నేనెరిగింది మా తాతదొక్కటే. అడవిపందుల బెడదకి లైసెన్సు మీద తీసుకున్నది, మందు కూరి పేల్చేది. భుజాన వేసుకుని బయల్దేరితే ఊరంతా చూసేది. పిస్తోలు అలా కాదు, చొక్కా కింద దాగిపోతుంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఏళ్ల తరబడి వాదులాడుకున్నది ఈ చిన్న తుపాకి గురించే.

1978 నవంబరు 27న అక్కడి మేయరు మాస్కోనీని, నగరసభ సభ్యుడు హార్వీ మిల్క్‌ని ఒక మాజీ సభ్యుడు నగర భవనంలోనే రివాల్వరుతో కాల్చి చంపాడు. ఆ తర్వాత మేయరైన డయాన్ ఫైన్‌స్టీన్ 1982లో పిస్తోళ్లని నిషేధిస్తూ శాసనం తెచ్చారు. కోర్టు కొట్టేసింది. 2005 నవంబరులో అదే ప్రశ్న జనం ఓటుకొచ్చింది.

దొంగ తన తుపాకి తెచ్చి అప్పగిస్తాడా, మేమెందుకు అప్పగించాలి అన్నారు వ్యతిరేకులు. తీసిపారేసే మాట కాదిది. ఇంట్లో తుపాకి ఉంటే దొంగకన్నా ముందు ఇంటివాళ్లకే ముప్పు అన్నారు రెండోవారు. నేనిటే మొగ్గుతాను. పురుగుమందు డబ్బా చేతికందే చోట ఉండబట్టి, ఒక్క పూట కోపానికి ప్రాణం తీసుకున్న మనిషిని మా వీధిలో చూశాను. ఆ పూట గడిచుంటే బతికేవాడేమో.

ఓటేసినవాళ్లలో వందకి 58 మంది నిషేధమే కోరారు. అయినా అమలు కాలేదు. తుపాకుల వ్యవహారం రాష్ట్ర చట్టం కిందిది, నగరానికి ఆ అధికారం లేదంటూ 2006 జూన్‌లో కోర్టు కొట్టేసింది. 2008 జనవరిలో అప్పీలు కోర్టూ అంతే అంది. ఆ ఏడు జూన్‌లోనే దేశ సుప్రీంకోర్టు వాషింగ్టన్ నగరపు నిషేధాన్ని రద్దు చేస్తూ, ఆత్మరక్షణకి ఇంట్లో పిస్తోలు ఉంచుకోవడం పౌరుడి హక్కేనంది. తొమ్మిదిమంది జడ్జీల్లో అయిదుగురు అటు, నలుగురు ఇటు.