'మాగ్' అను మాట

బొంబాయికి ఈశాన్యమున, ఠాణా జిల్లాలో, భివండీ యను మరమగ్గముల పట్టణము గలదు. అందలి శాంతినగరు వీథులలో నడచువారికి మగ్గముల చప్పుడు ఎడతెగక వినవచ్చును. చప్పుడొకటే యైనను, దానిని జేయు యంత్రమునకు పేళ్లు మూడు. ఉత్తరదేశమునుండి వచ్చిన నేతగాండ్రు దానిని 'కర్ఘా' యందురు. పని చేయు చోటని యర్థమిచ్చు పారసీక 'కార్‌గాహ్' శబ్దమే యిట్లు మారినది. సిరిసిల్ల మొదలగు చోట్ల మన నేతగాండ్రు మరమగ్గమును 'సాంచా' యందురు. హిందీలో నా మాటకు మూస యని యర్థము. గుజరాతీలో 'సంచో' యన్న యంత్రము. మహారాష్ట్రులు మాత్రము 'మాగ్' అందురు: చేతిమగ్గము 'హాత్‌మాగ్', మరమగ్గము 'యంత్రమాగ్'.

ఈ కడపటి మాట విచారింపదగినది. మరాఠీలో 'మాగ్' అనగా మగ్గము. జాడ యనియు నర్థము గలదు. క్రియగా వాడినచో 'అడుగుము' అని యర్థము. తెలుగున మాగుట యనగా పండుట. గడ్డిలోని మామిడికాయ మాగును. రూప మొకటే, అర్థములు వేరు.

దీనికి గారణము కష్టమైనది గాదు. ప్రాకృతములోని జంటహల్లు మరాఠీలో నొంటియై, దాని ముందరి యచ్చు దీర్ఘమగుట పరిపాటి. సప్త శబ్దము 'సత్త' యై 'సాత్' అయినది. కర్మ 'కమ్మ' యై 'కామ్' అయినది. అట్లే మార్గము 'మగ్గ' యై, జాడ యను నర్థమున 'మాగ్' అయినది. వెదకుట యను నర్థముగల 'మార్గతి' క్రియనుండి 'మాగణే', అనగా అడుగుట, పుట్టినది. హిందీలోని 'మాంగ్‌నా' దానికి జ్ఞాతియే. ఇక మగ్గమను నర్థముగల మాట కన్నడమున 'మగ్గ', తెలుగున 'మగ్గము'. మరాఠీ 'మాగ్' ఈ ద్రావిడ కుటుంబమునకు జేరినదే యని రూపసామ్యమును బట్టి తోచుచున్నది. వేర్వేరు మూలముల మాట లొక్క రూపమున గలిసికొనినవన్నమాట.

ఇది పండితుల వినోదము మాత్రమే యని చదువరులు తలపవలదు. మరాఠీ చదువని తెలుగు పనివాడొకడు కూలిబాకీకై యర్జీ పెట్టుకొనెననుకొందము. గుమాస్తా 'మాగణీ కాయ?' అని యడుగును. నీ కోరిక యేమని దాని భావము. 'మాగ్' అన మగ్గమని మాత్రమే యెఱిగినవాడు, తాను నడపు మగ్గములెన్నియో చెప్పును. కాగితముమీద నాలుగను నంకె పడును. రావలసిన కూలి పడదు. మీటరు లెక్కను కూలి పుచ్చుకొను వానికి నోటిమాట తప్ప వేఱు సాక్ష్యము తఱచుగా నుండదు. ఆ మాటయే తాఱుమాఱైనచో న్యాయాధిపతి యేమి చేయగలడు?

చట్టము చేయూత యంతంతమాత్రమే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, విద్యుచ్ఛక్తి వాడుచోట పదిమంది పనివారున్ననే కర్మాగారమని నిర్వచించినది. 2020 నాటి నూతన స్మృతి యా సంఖ్యను ఇరువదికి బెంచినది. పట్టుమని పదిమంది లేని కొట్టములలో మగ్గము నడపువారికి ఈ నిర్వచనము లక్కఱకు రావు. అట్టివారికి దక్కు హక్కులైనను అడిగిననే లభించును. అడుగుటకు భాష కావలెను.

రాజధానిలోని మన న్యాయవాదులకును ఉద్యోగులకును మరాఠీ నేర్చిన మిత్రులు లేకపోరు. కూలి, బాకీ, సెలవు, గాయము, పరిహారము మొదలగు మాటలకు తెలుగు, మరాఠీ, ఉర్దూలలో సరియైన పర్యాయపదములు గూర్చి, నాలుగు పుటల చిన్న పుస్తక మచ్చువేయించి, భివండీలో తెలుగువారు మిక్కిలిగా నివసించు పద్మనగరునకు బంపుట పెద్ద వ్యయము గాదు. అర్జీ మాదిరులు రెండు మూడు చేర్చిన మఱియు మేలు. మన బట్ట నేయువారు తమకు రావలసినదానిని తమ నోట నడుగుకొనుటకు ఈపాటి సాయము మనము చేయవలదా?