మొండి రాడ్డుకు మందుంది!

పాత జీపులో ఫోర్‌వీల్ గేరు పడట్లేదా? బలం చూపించకండి... కాస్త ఓపిక చూపించండి!

పాడేరు దగ్గర ఓ మెకానిక్ షెడ్డు. బయట సన్నగా వాన. బురద కొట్టుకుపోయిన పాత మహీంద్రా జీపొకటి వచ్చి ఆగింది. డ్రైవరు దిగుతూనే మొర మొదలుపెట్టాడు.

'ఫోర్‌వీలు పడట్లేదు మేస్త్రీ. నిన్న గెడ్డ దగ్గర దిగబడిపోతే సంతకెళ్లే జనమంతా దిగి తోశారు.'

అతడి చేతిలో మూరెడు ఇనప గొట్టం. రాడ్డుకు తొడిగి గట్టిగా లాగుదామని తెచ్చుకున్నాడట. మేస్త్రీ నవ్వాడు. 'ముందు ఆ గొట్టం అవతల పారెయ్. ఇంతకీ చివరిసారి ఎప్పుడేశావ్?'

'పోయిన వానాకాలం.'

'అదే దాని జబ్బు!'

వినడానికి చిన్న సంగతే. కానీ కొండ మీది ఊళ్లలో అర్ధరాత్రి నొప్పులొచ్చినా, జ్వరం ముదిరినా ఆస్పత్రికి చేర్చేది చాలాచోట్ల ఇలాంటి జీపే. ఆ సమయంలో రాడ్డు కదలకపోతే..?

మూడు రాడ్ల బండి

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం పుట్టిన బండి జీపు. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ దీన్ని మనదేశంలో బిగించడం మొదలుపెట్టింది. పాత మోడళ్లలో డ్రైవరు పక్కన మూడు రాడ్లుంటాయి. పెద్దది మామూలు గేర్లది. మిగతా రెండింట్లో ఒకటి ముందు చక్రాలకూ ఇంజిన్ బలాన్ని అందిస్తుంది. రెండోది హై, లో మార్చేది. లోలో వేస్తే వేగం తగ్గి, చక్రాలకు దాదాపు రెండున్నర రెట్ల బలం వస్తుంది. ఈ రెండూ గేరుబాక్సు వెనకుండే ట్రాన్స్‌ఫర్ కేసుకు సంబంధించినవి.

ఎందుకు బిగుస్తుంది?

ఈ రెండు రాడ్లూ సాధారణంగా ఒకే పిన్ను మీద కదులుతాయి. అది ఉండేది బండి అడుగున. బురదా, నీళ్లూ నేరుగా తగిలేది అక్కడే. నెలల తరబడి వాడకపోతే గ్రీజు ఎండిపోతుంది, తుప్పు పడుతుంది. ఇక రాడ్డు రాయిలా మారిపోతుంది.

ఇంకో కారణం మనం చేసే తప్పే. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారురోడ్డు మీద ఆ వీలుండదు. బిగువంతా లోపలి పళ్ల మీద పడి, వేసిన ఫోర్‌వీలు వెనక్కి రాదు. ముందొక సైజు, వెనకొక సైజు టైర్లు వేసినా ఇదే తంటా.

వైద్యం ఇలా...

ముందు బండిని చదునైన నేల మీద ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టాలి. ఇది తప్పనిసరి. హై-లో రాడ్డు న్యూట్రల్‌లోకి వస్తే, మామూలు గేరులో ఉన్నా బండి దొర్లిపోతుంది!

* వేసిన ఫోర్‌వీలు రాకపోతే స్టీరింగు తిన్నగా ఉంచి నాలుగడుగులు రివర్స్ చేయండి. బిగువు వదిలితే రాడ్డు దానంతటదే తేలిగ్గా వస్తుంది.

* అసలు పడకపోతే అడుగు రేకు విప్పి, పిన్ను చుట్టూ ఉన్న మట్టిని వైరు బ్రష్షుతో, కిరసనాయిలుతో శుభ్రం చేయండి. తుప్పు వదిలించే ఆయిలు కొట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి మెల్లగా ముందుకీ వెనక్కీ ఆడించండి.

* అయినా కదలకపోతే పిన్ను తీసి రాడ్లను విడదీయాలి. రాడ్డు పిన్ను మీదే బిగుసుకుపోయి ఉంటే లోపం పిన్నుదే. తేలిగ్గా ఆడుతుంటే జబ్బు ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర ఉన్నట్టు.

* కేసులోంచి బయటికొచ్చే కడ్డీల మీది తుప్పును సన్నటి ఎమరీ పేపరుతో తీశాకే లోపలికి నెట్టాలి. లేదంటే సీలు చిరిగి ఆయిలు కారుతుంది.

* చివరగా ఆయిలు చూడండి. పాలలా తెల్లబడితే నీళ్లు దూరినట్టే, మార్చేయాలి. ఇనప ముక్కలు కనిపిస్తే సొంత వైద్యం ఆపేసి మెకానిక్‌ని పిలవండి.

నెలకోసారి చాలు

షెడ్డులో జరిగిందీ ఇదే. జీపు రాత్రంతా అక్కడే ఉండిపోయింది. తెల్లారేసరికి రాడ్డు రెండు వేళ్లతో కదిలింది. కొత్త సామాను ఒక్కటీ పడలేదు. అదే గొట్టం పెట్టి లాగి ఉంటే? రాడ్డు వంగేది, లేదా లోపలి ఫోర్కు విరిగేది. అప్పుడు కేసు మొత్తం విప్పాల్సిందే.

వెళ్లబోతున్న డ్రైవరుకు మేస్త్రీ ఒకటే చెప్పాడు. 'నెలకోసారి మట్టిరోడ్డు మీద ఫోర్‌వీలేసి కాస్త దూరం నడుపు. వానలకు ముందు పిన్నుకు గ్రీజు కొట్టు. తారెక్కగానే తీసెయ్.'

డ్రైవరు తలూపి జీపు తీశాడు. ఇనప గొట్టం మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది!