డాష్‌బోర్డు కొయ్యకుండానే పాట

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌కు ఒక చివర వైశాలి. బుద్ధుని కాలపు అంబపాలి ఉన్న బీహారు వైశాలి కాదు, ఘజియాబాద్ జిల్లాలోని సెక్టార్ల వైశాలి. ఇక్కడ ఎక్కితే రైలు మారకుండా కరోల్‌బాగ్‌లో దిగొచ్చు, అక్కడ కార్ల సామాన్ల దుకాణాలు బారులు తీరి ఉంటాయి. మండీహౌస్‌లో వయొలెట్ లైన్‌కు మారితే ఎర్రకోట ఎదురుగా లాజ్‌పత్‌రాయ్ మార్కెట్, అంటే ఎలక్ట్రానిక్స్ బజారు. పాత అంబాసిడర్‌నో పద్మినినో బాగు చేయించి అందులో మంచి స్టీరియో పెట్టుకోవాలనుకునేవారికి ఇంత అనువైన చోటు దొరకదు. చిక్కల్లా చట్టంతోనే.

ఢిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండి, పదేళ్లు దాటిన డీజిలు బండి రోడ్డెక్కకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ అంది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత కూడా సడలింపుల మీద వాదనలు సాగుతూనే ఉన్నాయి. వింటేజ్ హోదా రావాలంటే మాత్రం యాభై ఏళ్లు నిండాలి. పదిహేనుకూ యాభైకీ మధ్య ఉన్న కారుది త్రిశంకు స్వర్గమే. పద్మిని అన్న పేరు 1974లో వచ్చింది కాబట్టి, మొదటి పద్మినులు ఈమధ్యే ఆ గీత దాటాయి.

వింటేజ్ బళ్లకు కేంద్రం 2021లో ప్రత్యేక నంబరు తెచ్చింది. అందులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని ఉంటుంది. రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనకో ర్యాలీకో పెట్రోలు పోయించుకోవడానికో మరమ్మతుకో తప్ప బండిని బయటికి తీయకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదన్నది అసలు షరతు. ఆ జాబితాలో రేడియో లేదు. అయినా అసలు డాష్‌బోర్డును రంపంతో కోయించినవాణ్ణి పాతకార్ల ప్రియులు క్షమించరు, నేనూ క్షమించను. ఇప్పటి స్టీరియో ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. పాత కార్లలో చాలావాటికి ఉన్నది రెండు నాబ్‌లకు రెండు చిల్లులే. బ్లూటూత్ ఉన్న చిన్న యాంప్లిఫయర్‌ను సీటు కిందో గ్లవ్ బాక్స్‌లోనో దాచేస్తే రంపంతో పనే లేదు.

పెట్టె మీద ‘50 వాట్లు × 4’ అని రాసి ఉంటే నమ్మకండి. ఇంజిన్ తిరుగుతుండగా కారులో దొరికేది సుమారు 14.4 వోల్టులు. నాలుగు ఓమ్‌ల స్పీకరుకు ఆ వోల్టేజీతో మామూలు స్టీరియో శుభ్రంగా ఇవ్వగలిగింది, ఏ నష్టమూ లేదనుకుంటే, 14.4ను 14.4తో గుణించి 8తో భాగించినంత. అంటే 26 వాట్లకు లోపే. చేతికొచ్చేది ఇరవై చిల్లర.

ఆ ఇరవైకైనా కరెంటు ఉండాలిగా! పాత బళ్లు చాలావాటిలో ఆల్టర్నేటర్ ఉండదు, డైనమో ఉంటుంది. బ్రిటిష్ కార్లలో విరివిగా వాడిన లూకస్ సీ40 గరిష్ఠంగా ఇచ్చేది సుమారు 22 ఆంపియర్లు, అదీ బండి వేగం మీద ఉంటేనే. ఘాజీపూర్ సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. డాష్‌బోర్డులో చార్జింగ్ ఎర్ర లైటు వెలుగుతుంది, పాట బ్యాటరీని తాగేస్తుంటుంది. అందుకని పెద్ద యాంప్లిఫయర్ కంటే సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకర్లు కొనడం తెలివైన పని. 89 డెసిబెల్స్ స్పీకరు బదులు 92ది పెడితే, యాంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం. కరెంటు ఖర్చు మాత్రం పెరగదు. ఈ సంగతి అమ్మేవాడు చెప్పడు, అతనికి లాభం పెద్ద డబ్బాలోనే.

ఇంకో గండం ఎర్త్. 1960ల మధ్య వరకు మోరిస్ మైనర్ లాంటి చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపేవారు. ఇప్పటి స్టీరియో డబ్బా నెగటివ్. దాన్ని అలాంటి కారుకు స్క్రూలతో బిగిస్తే నేరుగా షార్టే. అందుకే ముందు కారును నెగటివ్ ఎర్త్‌కు మార్చుకోవాలి: బ్యాటరీ తీగలు, ఇగ్నిషన్ కాయిల్ తీగలు తారుమారు చేసి, డైనమో ‘ఎఫ్’ టెర్మినల్ నుంచి రెగ్యులేటర్ తీగ విప్పి, ఆ టెర్మినల్‌కు బ్యాటరీ లైవ్‌ను క్షణంపాటు తాకించాలి. చిన్న నిప్పురవ్వ, అంతే. డైనమోలో మిగిలున్న అయస్కాంతం దిశ మారిపోతుంది.

ఇంజిన్ రేజ్ చేసిన కొద్దీ స్పీకర్లలో ‘కుయ్’మని ఈల పెరుగుతోందా? కొత్తగా రంగు వేయించిన కార్లలో ఇది మామూలే. ఎర్త్ స్క్రూ కింద పెయింటు ఉంటే కరెంటు సరిగా పోదు. ఇనుము మెరిసేదాకా గీకి, స్టీరియోకూ యాంప్లిఫయర్‌కూ ఒకేచోట ఎర్త్ ఇస్తే చాలావరకు పోతుంది. ‘టిక్‌టిక్’ మంటే అది ఇగ్నిషన్ పని. కాయిల్‌కు కరెంటు వచ్చే వైపు సప్రెసర్ కండెన్సర్ కట్టాలి, డిస్ట్రిబ్యూటర్ వైపు కాదు.

డాష్‌బోర్డు మధ్య ఒకే స్పీకరు చోటున్నా స్టీరియో పాటలోని రెండు చానళ్లూ వినొచ్చని తెలుసా? ఒకే అట్టకు రెండు కాయిల్స్ చుట్టిన స్పీకర్లు దొరుకుతాయి. కుడి, ఎడమ రెండూ అందులోంచే వస్తాయి. వేర్వేరు దిక్కుల నుంచి వినిపించవు గానీ, పాటలో సగం మాయమవదు.

కారులో పాట వినాలన్న ఆశ కొత్తదేం కాదు. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ తన స్టూడ్‌బేకర్ కారులో రేడియో పెట్టుకుని అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదారుల సమావేశం బయట పాటలు మోగించాడు. మోటొరోలా అలా మొదలైంది. అప్పు కోసం ఒక బ్యాంకరు కారులో రేడియో బిగిస్తే అది కాస్తా అంటుకుందని కథ కూడా ఉంది. ఐరోపాలో తొలి కారు రేడియో 1932 నాటి బ్లౌపుంక్ట్, బరువు సుమారు 15 కిలోలు. 1956లో క్రైస్లర్ ఏకంగా కారులో గ్రామఫోన్ పెట్టింది. దాని రికార్డు నిమిషానికి 16⅔ చుట్లు తిరిగేది. ఎక్కువ కాలం నిలవలేదు.

మనకైతే రేడియో వినడానికే లైసెన్సు! పోస్టాఫీసులో ఏటా రుసుం కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది. 1980ల మధ్యలో ఆ బాదరబందీ వదిలింది.

తెలుగువాళ్లకు తెలిసిన పాతబండి సౌండు అంటే చైతన్య రథమే. ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను మార్పించి, మైకు, లౌడ్‌స్పీకర్లు బిగించి, హరికృష్ణ నడుపుతుండగా 1983 జనవరి ఎన్నికల దాకా రాష్ట్రమంతా చుట్టారు. మామూలు అట్ట స్పీకరు తీసుకున్న కరెంటులో నూటికి ఒక వంతే శబ్దంగా మారుస్తుంది. బాకా స్పీకరు అంతకు ఎన్నో రెట్లు మారుస్తుంది. బ్యాటరీ మీద నడిచే మైకు వేలమందికి వినబడిన గుట్టు అదే. బేస్ మాత్రం అడక్కండి. మన ఊళ్లలో పెళ్లిళ్లకు, జాతరలకు మోగే అహూజా సెట్లు కూడా 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీవే.

ఢిల్లీ నుంచి మనకు చేరిన ఇంకో గొంతు కూడా ఉంది. నటుడు కొంగర జగ్గయ్య ఒకప్పుడు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివారు. ఆయన గొంతు చేరింది మీడియం వేవ్, షార్ట్ వేవ్ సెట్లకు. పాత కారు రేడియోలు ఆ కాలానివే. హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్‌జ్‌లు మీడియం వేవ్‌లోనే పలుకుతాయి. మీ బండిలో పాత సెట్టు పనిచేస్తుంటే దాన్ని అలాగే ఉంచండి. కొత్తది కొంటే ఏ.ఎం. ఉందో లేదో పెట్టె మీద చూసుకోండి, చవక రకాల్లో ఎఫ్.ఎం. ఒక్కటే వస్తోంది.